కాలికి తెలిసిన పాట

పొందూరులో ఒక నేతగాడు ఉండేవాడు. ముందుగదిలో గుంట మగ్గం. నేతగాడు గుంటలోకి కాళ్ళు దించుకుని పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి లేచేవాడు. అతని భార్య వసారాలో కూర్చుని వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకేది, రాట్నం తిప్పేది. వాళ్ళకు ఒక్కడే కొడుకు.

కొడుకుకు మగ్గం పని వచ్చు. బడి లేని రోజుల్లో వాళ్ళయ్య దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. మొదటి పది రోజులూ పడుగు లేని మగ్గం మీదే కూర్చోబెట్టాడు. నూలు లేదు, నాడె లేదు. కింద ఉన్న రెండు చెక్కల్నీ ఒకదాని తర్వాత ఒకటి తొక్కడమే పని. ఆ పదిరోజుల విసుగు కుర్రవాడికి చాలాకాలం గుర్తుండిపోయింది.

వాడి మనసు మాత్రం కీబోర్డు మీద ఉండేది. వినాయక చవితి పందిళ్ళలో ఆర్కెస్ట్రా వాళ్ళు వస్తే, కీబోర్డు వాయించేవాడి వెనక నిలబడి తెల్లవారేదాకా వేళ్ళు చూసేవాడు. పద్దెనిమిదేళ్ళు దాటేసరికి తనూ ఒక పార్టీలో చేరాడు. నరసన్నపేటలో పెళ్ళిళ్ళు, అరసవల్లిలో రథసప్తమి, రాజాం పక్క పల్లెల్లో అమ్మవారి పండుగలు, ఇలా రెండు జిల్లాల్లో ఎక్కడ పందిరి వేస్తే అక్కడికి వ్యానెక్కి వెళ్ళేవాడు. మగ్గం దగ్గరికి మళ్ళీ పోలేదు. వాళ్ళయ్య ఏమీ అనలేదు.

వాయించడం బాగానే వచ్చింది. చిక్కల్లా ఒక్కచోట. సినిమా పాటలో పల్లవి కింద వయొలిన్ల గుంపు ఉంటుంది, మధ్యలో వేణువు వస్తుంది, చరణం ముందు షెహనాయి పలుకుతుంది. కీబోర్డులో ఈ మూడూ ఉన్నాయి. కాని ఒక టోన్ నుంచి ఇంకో టోన్‌కు మారాలంటే ఒక చెయ్యి మెట్ల మీద నుంచి లేచి బొత్తాం నొక్కాలి. చెయ్యి లేచిన ఆ క్షణంలో పాటకు చిల్లు పడేది. జనానికి తెలిసేది కాదు. పాడే ఆవిడకు తెలిసేది. పాడుతూనే తల కొద్దిగా అతని వైపు తిప్పేది. ఆ తల తిప్పడమే కుర్రవాడికి నిద్ర పట్టకుండా చేసింది.

ఆ పార్టీలో వయొలిన్ వాయించే పెద్దాయన విజయనగరం సంగీత కళాశాలలో చదివినవాడు. ప్రయాణాల్లో ఆ కళాశాల కబుర్లు చెప్పేవాడు. 1919లో విజయరామ గజపతి మహారాజు దాన్ని పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్ అయ్యారని చెప్పేవాడు. దాసుగారు కాలికి గజ్జె కట్టి, చేత చిరుతలు పట్టి, నోటితో కథ నడిపేవారనీ, రెండు చేతులు, రెండు కాళ్ళు, తల అయిదింటితో అయిదు తాళాలు ఒక్కసారే వేసేవారని పెద్దలు చెప్పుకునేవారనీ చెప్పేవాడు. మన వైపు కాలికి సంగీతం కొత్త కాదు. తప్పెటగుళ్ళ వాళ్ళు గుండె మీద తప్పెట వాయిస్తూ కాలి గజ్జెతో దానికి జవాబు చెబుతారు. నాటకాల హార్మోనియం వాళ్ళు కాలితో గాలి నింపుతూ చేత్తో పద్యానికి శ్రుతి ఇచ్చారు. పెద్దాయన ఇవన్నీ చెప్పాడు. కుర్రవాడి చెవిలో మాత్రం అయిదు అన్న అంకె ఒక్కటే మిగిలింది. ఆ అయిదు వెనక ఎన్నేళ్ళ సాధన ఉందో అడగాలని తోచలేదు.

ఆ మాఘమాసం పెళ్ళిళ్ళలో వచ్చిన డబ్బంతా పెట్టి, వాడిన ఫుట్ కంట్రోలర్ ఒకటి కొన్నాడు. మంచం కోడంత పొడుగున్న ఇనప పెట్టె. దాని మీద రెండు వరసల్లో పది పెడళ్ళు. బ్యాంకు పైకి, కిందికి మార్చడానికి ఇంకో రెండు. కుడి పక్కన పాదంతో ముందుకూ వెనక్కూ ఊపే పెడళ్ళు రెండు. పది బ్యాంకులు, ఒక్కో బ్యాంకులో పది చోట్లు, మొత్తం నూరు. ఏ చోట ఏ ఆజ్ఞ ఉండాలో మనమే రాసి పెట్టుకోవచ్చు.

ఆ పెట్టెకు సొంత గొంతు లేదు. అయిదు సూదుల తీగ గుండా కీబోర్డుకు అంకెలు పంపడమే దాని పని. ఒక కంపెనీ వాద్యం ఇంకో కంపెనీ వాద్యంతో మాట్లాడాలని 1983లో జపాన్, అమెరికా తయారీదారులు కలిసి ఒప్పుకున్న భాష అది. మిడి అంటారు. ఆ భాషలో 16 దారులు ఉంటాయి, ఒక్కో దారిలో టోన్లకు 128 అంకెలు ఉంటాయి. కుర్రవాడు కీబోర్డుతో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో అంకే ఎక్కించడం మొదలుపెట్టాడు. సితార్ 105. షెహనాయి 112. వేణువు 74.

రాత్రి రెండు గంటలకు షెహనాయి పెడల్ తొక్కాడు. చిరుగంటలు మోగాయి. సితార్ తొక్కితే బాంజో పలికింది. వేణువు వేణువులాగే ఉంది కాని, ఆ వేణువు కాదు. పెట్టె చెడిపోయిందనుకున్నాడు. రెండు రాత్రులు తీగలు పీకాడు, పెట్టాడు. మూడో రాత్రి సంగతి బోధపడింది. పుస్తకం ఒకటి నుంచి లెక్కపెడుతోంది, తీగలో పోయే అంకె సున్నా నుంచి మొదలవుతోంది. 105 అని పంపితే కీబోర్డు తన వరసలో నూట ఆరో దాన్ని తీస్తోంది. 1991లో అందరూ ఒప్పుకున్న వరసలో సితార్ పక్కన బాంజో ఉంది, షెహనాయి పక్కన చిరుగంటలు ఉన్నాయి. అన్నింటిలోనూ ఒకటి తగ్గించాడు. అన్నీ సరిగ్గా పలికాయి.

ఆ గెలుపు అతన్ని ముందుకు తోసింది. పెట్టెలో నూరు చోట్లు ఉంటే నూరూ నింపాలనిపించింది. నెలరోజులు కూర్చున్నాడు. ఒక పాటకు ఒక బ్యాంకు. మొదటి పెడల్ ఎత్తుగడకు, రెండోది పల్లవికి, మూడోది వేణువుకు, నాలుగోది చరణానికి. పాట ఎలా నడుస్తుందో ఆ వరసలోనే పేర్చాడు. చిన్న కాగితాల మీద పేర్లు రాసి ప్రతి పెడల్ పక్కనా అంటించాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పార్టీ వాళ్ళంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు.

మొదటి కచేరీ పాలకొండ దాటాక ఒక పల్లెలో జరిగింది. మొదటి రెండు పాటలు అనుకున్నట్టే నడిచాయి. మూడో పాటకు జనంలోంచి చీటీ వచ్చింది, పాటల వరస మారింది. కుర్రవాడు బ్యాంకు పెడల్ రెండుసార్లు తొక్కాల్సింది మూడుసార్లు తొక్కాడు. దీపాలన్నీ గాయని మీద ఉన్నాయి, కింద చీకటి. కాగితాలు కనబడలేదు. తల వంచి వెతికాడు. తల వంచేసరికి వేళ్ళు తప్పాయి. పెడల్ దొరికింది కాని, చేతికింద స్వరం ఇంకా మోగుతుండగానే తొక్కేశాడు. పాత టోన్ తెగిపోయింది. వినిపించాల్సిన స్వరం సగంలో ఊడింది. నాలుగో పాటలో జనం ఈల వేస్తే గాయని చరణం మళ్ళీ ఎత్తుకుంది. పెట్టెలో చరణం తర్వాత ముగింపు ఉంది, మళ్ళీ చరణం లేదు. వాయించడం ఆపి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రాత్రి గాయని అతని వైపు తల కూడా తిప్పలేదు.

వ్యానులో ఎవరూ ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికి వచ్చి తప్పు ఎక్కడుందో వెతికాడు. తను రాసింది చాలలేదనుకున్నాడు. చరణం రెండుసార్లు వస్తే ఒక చోటు, మూడుసార్లు వస్తే ఒక చోటు, ఇలా ఇంకా రాశాడు. పెడళ్ళ మీద వెలుగు పడేలా చిన్న దీపం బిగించాడు. తర్వాతి కచేరీలో దీపం వెలిగింది, పేర్లు కనిపించాయి. అన్నీ చదువుతూ కూర్చున్నాడు గనక పాట వినలేదు. మొదటిసారి కంటే ఎక్కువ తప్పాడు. మర్నాడు పెట్టెను గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాడు.

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, పార్టీకి పని లేదు. ఆ నెలలోనే వాళ్ళయ్య వాకిట్లో జారిపడ్డాడు. మణికట్టు వాచింది. మగ్గం మీద సగం నేసిన బట్ట ఉంది, ఇచ్చిన గడువు దగ్గరపడింది. ఎవరూ అడగకముందే కొడుకు వెళ్ళి గుంటలోకి కాళ్ళు దించాడు.

నాలుగేళ్ళయింది. చేతులు మొద్దుబారాయి. సన్ననూలు, చెయ్యి కాస్త బరువైతే పోగు తెగుతుంది. మొదటి రోజంతా తెగిన పోగులు ముడివెయ్యడంతోనే సరిపోయింది. కాళ్ళు మాత్రం ఏమీ మరవలేదు. ఎడమ చెక్క తొక్కితే పడుగులో సగం పోగులు పైకి లేచేవి, వాటి మధ్యనుంచి నాడె పరుగెత్తేది, కుడి చెక్క తొక్కితే మిగతా సగం లేచేవి. రెండే చెక్కలు. ఆ రెండింటి మీదే పొందూరు ఖద్దరు అంతా నడిచింది.

నాలుగోనాడు సాయంత్రం వాన పట్టింది. కరెంటు పోయింది. దీపం వెలిగించడానికి తల్లి లోపలికి వెళ్ళింది. ఆమె దీపం తెచ్చేలోపు మగ్గం చప్పుడు ఆగలేదు. చీకట్లోనే నాలుగైదు పేకలు పడ్డాయి. దీపం వెలుగులో కుర్రవాడు బట్టవైపు చూశాడు. పోగు తెగలేదు. ఉన్నట్టుండి చేతులు ఆపేశాడు. కింద గుంటలోకి తొంగి చూశాడు.

మగ్గం గుంటలో ఎప్పుడూ చీకటే. అందులో ఉన్న కాళ్ళను ఏ నేతగాడూ చూసుకోడు. మరి కాలు ఎప్పుడు కదలాలో దానికి ఎవరు చెబుతున్నారని ఆలోచించాడు. మళ్ళీ నేశాడు, ఈసారి తనను తాను గమనించుకుంటూ నేశాడు. నాడె అవతలి చివరకు చేరినప్పుడు టక్కుమని చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు విన్నాకే కాలు మారుతోంది. చప్పుడుకు ముందు తొక్కితే నాడె పోగుల్లో చిక్కుతుంది. ఆలస్యమైతే పేక వదులవుతుంది. కంటితో పనిలేదు. చెవి చెబుతోంది, కాలు చేస్తోంది.

నన్నడిగితే అతని సంగీత విద్య మొదలైంది ఆ సాయంత్రమే.

బట్ట పూర్తిచేసి, అటక మీంచి పెట్టె దించాడు. అందులో ఉన్న నూరూ చెరిపేశాడు. నెలల కష్టం అర నిమిషంలో పోయింది. అంటించిన కాగితాలు పీకేశాడు, దీపం విప్పేశాడు. తర్వాత రెండు పెడళ్ళు మాత్రం నింపాడు. ఒకటి వయొలిన్ల గుంపు, ఒకటి వేణువు. పాట మారినా ఆ రెండింటి చోటు మారదని నిర్ణయించుకున్నాడు. మగ్గం చెక్క బట్టబట్టకూ చోటు మార్చుకోదు కదా.

రాత్రి దీపం ఆర్పి, చెప్పులు లేకుండా కూర్చుని సాధన చేశాడు. మొదటి పది రోజులు కీబోర్డే పెట్టుకోలేదు. పాట పెట్టుకుని, వింటూ, రెండు పెడళ్ళ మధ్య కాలు కదిపాడు. అంతే. చిన్నప్పుడు పడుగు లేని మగ్గం మీద పది రోజులు ఎందుకు కూర్చోబెట్టారో అప్పుడు తెలిసింది. గాయని పాదం చివర ఊపిరి తీసుకునే చోటు పట్టుకోవడం నేర్చుకున్నాడు. టోన్ మారాల్సింది అక్కడే. ఊపిరికి ముందు మారిస్తే మోగే స్వరం తెగుతుంది, తర్వాత మారిస్తే కొత్త వాద్యం తడబడుతుంది. ఆ ఊపిరి వాడికి నాడె చప్పుడయింది.

రెండు వారాలకు మూడోది చేర్చాడు, షెహనాయి. శ్రావణంలో నాలుగోది, సితార్. అయిదోదానిలో ఏ వాద్యమూ పెట్టలేదు. అది తొక్కితే కీబోర్డు నిశ్శబ్దమవుతుంది. గాయని ఒంటరిగా ఆలపించే చోట్ల వాద్యం పక్కకు తప్పుకోవాలని వాడికి ఇంతకుముందు తోచలేదు. ఆ పెడల్‌ను చీకట్లో పాదం గుర్తుపట్టాలి కనక, తల్లి వడికిన నూలు దాని చుట్టూ పది వరసలు బిగించి చుట్టాడు. అరికాలికి ఆ గరుకు తగిలితే చాలు.

ఊపే పెడల్ దగ్గర ఇంకో నెల గడిచింది. మిడి భాషలో ధ్వనికి రెండు అంకెలున్నాయి. 7 మొత్తం ధ్వనికి, 11 పాటలో ఎత్తుపల్లాలకు. మొదట్లో ఊపే పెడల్‌ను 7కు కట్టాడు. పాట మధ్యలో తగ్గించినది తర్వాత ఎంతకు తేవాలో తెలిసేది కాదు, కచేరీ ముందు సరిచూసుకున్న హెచ్చుతగ్గులన్నీ చెదిరిపోయేవి. 7ను ఒకచోట నిలిపి, పెడల్‌ను 11కు మార్చాడు. గాయని గొంతు దిగితే మడమ వైపు, లేస్తే వేళ్ళ వైపు. సున్నా నుంచి 127 వరకు ఉన్న ఆ దారిలో చివరి పాతిక మెట్లలోనే పని అంతా ఉందని పాదానికి తెలిసేదాకా ఊపాడు. దసరా నాటికి పెట్టెలో ఆరు చోట్లు నిండాయి. ఆరోది పల్లెల్లో అందరూ అడిగే క్లారినెట్. అక్కడ ఆగాడు. పార్టీ పెద్దకు అది నచ్చలేదు. అంత డబ్బు పోసి కొన్న పెట్టెలో తొంభై నాలుగు చోట్లు ఖాళీగా ఉంచడం ఆయనకు వృథాగా తోచింది. కుర్రవాడు వాదించలేదు, నింపలేదు.

విజయనగరంలో విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. ముందురోజు తొలేళ్ళు. ఆ సోమవారం రాత్రి ఊరంతా మేలుకునే ఉంటుంది. ఒక కూడలిలో వీళ్ళ పార్టీ వేదిక కట్టింది. నేతగాడు కూడా వచ్చాడు. అమ్మవారి దర్శనానికి వచ్చి, కొడుకు వాయించడం మొదటిసారి చూశాడు.

చీటీలు వచ్చాయి, పాటల వరస నాలుగుసార్లు మారింది. అర్ధరాత్రి దాటాక ఒక పాటలో గాయని చరణం చివరికి వచ్చి, అక్కడ పల్లవి అందుకోకుండా ఎవరూ అనుకోని ఆలాపన ఎత్తుకుంది. తబలా చేతులు ఆగాయి. కుర్రవాడి పాదం నూలు చుట్టిన పెడల్‌ను తాకింది, కీబోర్డు తప్పుకుంది. ఆమె ఎంతసేపు పాడితే అంతసేపు కాలు కదపకుండా ఉన్నాడు. నాడె ఇంకా అవతలి గట్టు చేరలేదు. చివరి స్వరం మీద ఆమె నిలిచింది, ఊపిరి తీసుకుంది. వేణువు వచ్చింది. ఎక్కడ మారిందో జనానికి తెలియలేదు. గాయని తల తిప్పి చూసింది. ఈసారి నవ్వింది.

నేతగాడికి సంగీతం తెలియదు. ఇనప పెట్టె ఏమిటో కూడా తెలియదు. తెల్లవారాక రైల్లో ఇంటికి పోతూ, రాత్రంతా కొడుకు ఒక్కసారి కూడా కిందికి చూడలేదని భార్యకు చెప్పాలనుకున్నాడు. ఇంటికి వెళ్ళగానే చెప్పాడు.

నీతి: ఏం చెయ్యాలో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది, ఎప్పుడు చెయ్యాలో మాత్రం పక్కవాడి ఊపిరి విన్నవాడికే తెలుస్తుంది. కొత్త సాధనం ఇంటికి తెచ్చుకున్నవాడు అందులో ఎంత పడుతుందని కొలవక ముందు, తన ఒంటికి ఎంత పట్టిందో కొలుచుకోవాలి. ఒంటికి పట్టించే ఓపిక కోసం దూరం పోనక్కరలేదు, చాలామందికి అది సొంతింటి ముందుగదిలోనే ఉంటుంది.

ఏడో పెడల్‌ను అతను మరుసటి రథసప్తమికి నింపాడు.